మలుపుల లెక్క తేలాకే ట్రాక్ పొడవు

కెనడాలోని సడ్బరీలో ఉంటున్న మా మేనల్లుడు కిందటి నెలలో రెండు స్నోమొబైళ్ళ ఫోటోలు పంపి, "మావయ్యా, 129 తీసుకోనా, 146 తీసుకోనా?" అని అడిగాడు. సరిగ్గా అదే వారంలో మా ఊళ్ళో, అంటే జలుమూరు మండలంలో వంశధార ఎడమ కాలువ కింద వరి పండించే ఒక పల్లెలో, ఐదుగురు కుర్రవాళ్ళు వాటాలు వేసుకుని కోత మిషన్ కొందామనుకుని, తాము చూసి వచ్చిన రెండు చైన్ మిషన్లలో ఏది మేలో చెప్పమని నా దగ్గరికి వచ్చారు. మంచు మీద పరుగెత్తే బండికీ వరి మడిలో దిగే మిషన్‌కీ పొత్తు ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. రెండింటినీ మోసేది చుట్టూ తిరిగే రబ్బరు ట్రాకే, కోత మిషన్ల దగ్గర దాన్నే చైన్ అంటారు. అమ్మేవాళ్ళు రెండు చోట్లా మొదట చెప్పేది ఆ ట్రాక్ పొడవు గురించే, కొనేవాళ్ళు పొరబడేది కూడా అక్కడే.

నేను సైన్యంలో పదిహేడేళ్ళు పనిచేశాను. అందులో మూడు శీతాకాలాలు కాశ్మీరు, లద్దాఖ్ ఎత్తుల మీద స్నో స్కూటర్ నడిపాను. స్నోమొబైల్‌ను సైన్యంలో ఆ పేరుతోనే పిలుస్తారు. సరుకు చేరవేయడానికీ, జబ్బుపడినవాళ్ళనూ గాయపడినవాళ్ళనూ కిందికి దింపడానికీ సియాచిన్ లాంటి చోట్ల అదీ ఒక ఆధారం. పదవీ విరమణ చేసి ఊరికి వచ్చాక నా ఐదెకరాలూ నేనే చూసుకుంటున్నాను. ఈ రెండు అనుభవాల మీద నిలబడి నాకు గట్టిగా తోచిన మాట ఒకటుంది. బండి మునగకుండా ఉండడానికి ఎంత పొడవు చాలునో అంతే తీసుకోవాలి. అంతకు మించిన ప్రతి అంగుళమూ మలుపు దగ్గర అప్పులా ఎదురొస్తుంది. అందుకని ముందు మన దారిలోనో మన మడిలోనో ఎన్ని మలుపులున్నాయో లెక్క వేసుకుని, ఆ తరువాతే పొడవు సంగతి చూడాలి.

మా వాడు అడిగిన అంకెల అర్థం మొదట చెప్పాలి. 129 అన్నా 146 అన్నా అవి అంగుళాలు. అది ట్రాక్‌ను ఒకచోట తెంపి నేల మీద పరిస్తే వచ్చే మొత్తం చుట్టుకొలత. నేలను నిజంగా తాకి ఉండేది అందులో సగానికి లోపే, మిగిలినదంతా వెనక చక్రం మీదుగా పైకి లేచి మళ్ళీ ముందుకు తిరిగి వస్తూ ఉంటుంది. కాబట్టి 129కీ 146కీ మధ్య 17 అంగుళాల తేడా కనిపించినా, నేల మీద అదనంగా పడేది సుమారు ఎనిమిదిన్నర అంగుళాలే. మామూలు దారి బండికి ట్రాక్ వెడల్పు 15 అంగుళాలు ఉంటుంది గనుక, దక్కే అదనపు ఆనుడు 127 చదరపు అంగుళాల పైచిలుకు, అంటే ఒక చదరపు అడుగుకు కూడా తక్కువ. అదే, నేలను నాలుగున్నర అడుగుల మేర తాకే ట్రాక్‌ను 15 అంగుళాల వెడల్పు నుంచి 20 అంగుళాలకు పెంచితే 270 చదరపు అంగుళాలు అదనంగా దక్కుతాయి. సామాన్లు మోసే బండ్లకు 20, 24 అంగుళాల వెడల్పు ట్రాక్‌లు పెట్టడంలోని కిటుకు ఇదే. అయితే వెడల్పుకు దాని ఖరీదు దానికుంది. బండి బరువెక్కుతుంది, మలుపులో ఒక పక్కకు ఒరగమంటే మొరాయిస్తుంది.

పొడవు మలుపును ఎలా చెడగొడుతుందో నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒక జనవరి ఉదయం, సరుకు దించి తిరిగి వస్తుండగా, రాత్రంతా గాలి కొట్టిన మంచు పైపొర పటికబెల్లం పలకలా గట్టిపడి ఉంది. మా బండికి పొడవూ వెడల్పూ ఉన్న ట్రాక్. నా వెనక గజపతినగరం వైపు నుంచి వచ్చిన మా తోటి జవాను కూర్చున్నాడు. వాలు మీద ఎడమకు తిరిగే వంపు వచ్చింది. నేను హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పాను. ముందు చక్రాలకు బదులుగా మంచు మీద జారే పొడవాటి పలకలు, అంటే రెండు స్కీలూ తిరిగాయి, వాటి కొసలు మంచును గీరుతున్న చప్పుడు కూడా వినపడింది, కానీ బండి తిరగలేదు. వెనక ఉన్న పొడవాటి ట్రాక్ మంచును గట్టిగా పట్టుకుని స్కీలను తిన్నగానే తోసుకుపోయింది. దారి అంచు దాటి మెత్తటి దిబ్బలో పక్కకు పడ్డాం. నాకేమీ కాలేదు గాని అతనికి మణికట్టు విరిగింది. బండిని లేపి అడుగు భాగం చూస్తే, స్కీల కింద మంచును కరిచి పట్టుకోవలసిన కార్బైడ్ కడ్డీలు అరిగి, వేలితో తడిమితే గులకరాయిలా నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. ఉదయం బయలుదేరేటప్పుడు వాటిని చూసుకోకపోవడం నా తప్పే. కడ్డీలు పదునుగా ఉంటే ఆ వంపు తిరిగి ఉండేవాళ్ళమేమో. కాకపోతే అంత పొడవైన ట్రాక్ అరిగిన కడ్డీని క్షమించలేదన్నది కూడా అంతే నిజం.

దీనికి సరిగ్గా ఎదురు అనుభవం మరుసటి ఏడాది కలిగింది. ఈసారి మాకు ఇచ్చింది పొట్టి ట్రాక్ ఉన్న తేలికపాటి బండి. గట్టి దారి మీద చెప్పిన మాట వినేది, ఒక్క చేత్తో తిప్పినా తిరిగేది. రెండు రోజులు ఆగకుండా మంచు కురిసి తెరిపి ఇచ్చిన తరువాత దాని మీద బయలుదేరితే, వంద గజాలు కూడా పోకముందే వెనక భాగం దిగబడింది. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ ట్రాక్ తన కింద తానే బావి తవ్వుకోవడం మొదలుపెట్టింది. ఆ ఎత్తులో గాలి పలచన. 15,000 అడుగుల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు గనుక ఇంజనుకూ ఊపిరి చాలదు, మనిషికీ చాలదు. పది పారల మంచు ఎత్తి పోసి, పార మీద ఆనుకుని రొప్పుతూ, మళ్ళీ పది పారలు ఎత్తి, ఆ బండిని పైకి తేవడానికి మా ఇద్దరికీ రెండు గంటలు పట్టింది. కనుక పొడవు అక్కర్లేదని నేను ఎన్నడూ అనను. మెత్తటి మంచులో పొడవు లేని బండి బండే కాదు.

కెనడా పడమటి కొండల్లో, బ్రిటిష్ కొలంబియా వైపు, నడుములోతు మంచులో వాలు ఎక్కేవాళ్ళు 154, 165, ఇంకా పైన 175 అంగుళాల ట్రాక్‌లు తీసుకోవడం అందుకే సబబు. ఆ ట్రాక్‌ల మీద రబ్బరు పళ్ళు కూడా రెండున్నర నుంచి మూడు అంగుళాల ఎత్తు ఉంటాయి. ముందు స్కీల మధ్య దూరం తక్కువగా పెడతారు, అప్పుడే వాలు మీద అడ్డంగా పోయేటప్పుడు మనిషి తన బరువుతో బండిని ఒక పక్కకు ఒరగదీయగలడు. అక్కడ బండి హ్యాండిల్‌తో కంటే ఒంటితోనే ఎక్కువగా తిరుగుతుంది. మా వాడి సంగతి వేరు. ఒంటారియో ఉత్తర భాగంలో స్నోమొబైల్ క్లబ్బులు అడవుల గుండా, గడ్డకట్టిన చెరువుల మీదుగా దారులు వేసి, బరువైన యంత్రాలతో రాత్రివేళ చదును చేసి ఉంచుతాయి. తన తిరుగుడు పది రోజులు అనుకుంటే తొమ్మిది రోజులు ఆ దారుల మీదే అని వాడే చెప్పాడు. అలాంటి గట్టి దారి మీద ఎత్తు పళ్ళ ట్రాక్ మేలు చేయకపోగా కీడు చేస్తుంది. ట్రాక్ లోపలి వైపు జారే ప్లాస్టిక్ పట్టీలకు తడి ఇచ్చేదీ, ఇంజను నీళ్ళను చల్లబరిచేదీ ట్రాక్ ఎగజిమ్మే వదులు మంచే. గట్టి మంచు మీద అది చాలినంత లేవక పట్టీలు వేడెక్కి అరిగిపోతాయి. దారి బండికి అంగుళం నుంచి అంగుళంపావు ఎత్తు పళ్ళు చాలు.

అయితే 146 తీసుకోమని వాడికి సలహా ఇచ్చినవాళ్ళ వాదనలో పస లేకపోలేదు. వారాంతంలో వందల బండ్లు తిరిగాక ఆ చదును దారి ఆదివారం సాయంత్రానికి గుంతలూ మిట్టలుగా, మా ఊరి కాలువ గట్టు రోడ్డు వానాకాలంలో ఎలా తయారవుతుందో అలా తయారవుతుంది. పొట్టి ట్రాక్ ప్రతి గుంతలోనూ దిగి లేస్తే, పొడవాటిది రెండు మిట్టల మీద ఒకేసారి ఆని సాఫీగా దాటిపోతుంది. బ్రేకు వేసినప్పుడు పట్టు కూడా దానికే ఎక్కువ. ఇంకొకటి కూడా ఉంది. మా వాడి వెనక చాలాసార్లు వాడి భార్య కూర్చుంటుంది. వెనక మనిషి కూర్చుంటే బరువు వెనక్కి జరిగి స్కీలు తేలికవుతాయి, తేలికైన స్కీ మలుపులో మంచును కరవదు. ఆ వెనక మనిషి బరువు ట్రాక్ చివరను దాటకుండా ట్రాక్ మీదే పడాలంటే 129 బండి పొట్టి అవుతుంది. ఈ ఒక్క కారణంతో నేను వాడికి 129 వద్దన్నాను. అలాగని 146 కూడా వద్దన్నాను. ఈ రెండింటికీ మధ్య 137 అంగుళాల ట్రాక్‌తో, ఇద్దరు కూర్చోవడానికే తయారుచేసిన మోడళ్ళు ఉన్నాయి. గుంతల మీద కావలసిన సాఫీతనం చాలావరకు వాటిలోనే దొరుకుతుంది. పది రోజుల్లో ఒక్కరోజు ఎదురయ్యే మెత్తటి మంచు కోసం మిగిలిన తొమ్మిది రోజుల మలుపులను పాడుచేసుకోవడం నా దృష్టిలో తెలివైన బేరం కాదు.

పొడవాటి ట్రాక్ ఉన్న కొన్ని బండ్లలో, ట్రాక్‌ను మోసే రెయిళ్ళ చివరి భాగాన్ని కొద్దిగా పైకి వంచి పెడతారు. గట్టి దారి మీద ఆ చివర గాలిలో ఉండి బండి పొట్టిదానిలా తిరుగుతుంది, మెత్తటి మంచులో కొద్దిగా దిగగానే పూర్తి పొడవూ ఆనుతుంది. తప్పనిసరిగా పొడవైనదే కొనాలనుకునేవాళ్ళు ముందుగా వెతకవలసింది దీనినే. అలాగే సస్పెన్షన్ ముందు భాగంలో ఒక చిన్న పట్టీ ఉంటుంది. దానిని ఒక రంధ్రం మేర బిగిస్తే బరువు స్కీల మీదికి వచ్చి బండి చక్కగా తిరుగుతుంది, వదులు చేస్తే బరువు ట్రాక్ మీదికి పోయి లాగుడు పెరుగుతుంది. బండి తిరగడం లేదని తిట్టుకునేవాళ్ళలో ఎంతమంది ఆ పట్టీ వైపు చూసి ఉంటారో నాకు అనుమానమే.

ఈ బండ్ల పుట్టుక గురించి తెలిసినప్పటి నుంచీ నాకు ఒక పేరు మీద గౌరవం. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో వాల్‌కోర్ అనే ఊరికి చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్, 1934 శీతాకాలంలో తన రెండేళ్ళ కొడుకును మంచు కారణంగా ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. ఆ తరువాత ట్రాక్‌నూ దానిని తిప్పే పళ్ళచక్రాన్నీ తీర్చి 1937లో పేటెంటు పొంది, ఏడుగురు కూర్చునే మంచు వాహనం తయారుచేశాడు. అదే చేతి నుంచి 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న, తేలికైన స్కీ-డూ వచ్చింది. ఎవరిని ఎక్కడికి చేర్చాలి అన్నదాన్ని బట్టి ఆయన బండిని పెద్దదిగానూ చేశాడు, చిన్నదిగానూ చేశాడు. సియాచిన్ వైపు జబ్బు మనిషిని బండి మీద కట్టుకుని దింపినప్పుడల్లా నాకు ఆ బిడ్డ గుర్తుకు వచ్చేవాడు.

ఇప్పుడు మా మడుల సంగతి. మా వైపు కోతలు కార్తీకం చివర మొదలై మార్గశిరంలో ముమ్మరమవుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన ఏడాది, మా పల్లంలో పడిపోయిన చేను చివరిదాకా లేవలేదు, నేల చివరిదాకా ఆరలేదు. పద్నాలుగు అడుగుల కత్తెర ఉన్న టైరు మిషన్లు గట్టు దిగడానికే జంకాయి. దిగిన ఒక్కదాన్నీ రెండు ట్రాక్టర్లతో లాగవలసి వచ్చింది. కూలీలు దొరకలేదు. అప్పటి నుంచే మా వాళ్ళకు చైన్ మిషన్ మీద గురి కుదిరింది, అందులోనూ చైన్ ఎంత పొడవైతే అంత మంచిదనే నమ్మకం నాటుకుపోయింది. ఆ నమ్మకంతోనే పక్క ఊరివాళ్ళు మూడేళ్ళ కిందట పొడవు చైన్ మిషన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చారు. నా చేనులోనే అది దిగింది. తిన్నగా పోయేటప్పుడు దానికి వంక పెట్టలేం. మూల దగ్గరికి వచ్చి తిరగబోతేనే చిక్కంతా.

స్నోమొబైల్‌కు ముందు స్కీలుంటాయి గనుక అవి దారి చూపిస్తాయి. చైన్ మిషన్‌కు అవి లేవు. ఒక పక్క చైన్‌ను ఆపి రెండో పక్క చైన్‌ను నడిపితేనే మిషన్ తిరుగుతుంది, అంటే ఆగిన చైన్ తన పొడవంతా మట్టి మీద పక్కకు ఈడ్చుకుపోవాలి. బరువు అదే అయితే, నేలను తాకే పొడవు పెరిగిన నిష్పత్తిలోనే ఆ ఈడ్పుకు నేల ఇచ్చే అడ్డు కూడా పెరుగుతుంది. నా మడి ఈశాన్య మూలలో ఆ మిషన్ తిరిగినప్పుడు చైన్ పక్కన మోకాలెత్తు మట్టికట్ట లేచింది. ఆ మట్టి రోలర్లకూ రబ్బరుకూ మధ్య ఇరుక్కుని, నాలుగో మూల తిరిగేసరికి చైన్ రోలర్ల మీద నుంచి దిగిపోయింది. దానిని గునపాలతో ఎక్కించే సరికి పొద్దు వాలింది. గట్టు మీద కూర్చుని చూస్తున్న మా పాలేరు తాత, "పొడుగున్నాదని తెచ్చీసినారు గానీ, తిరగనేదు కదేటి బాబూ" అన్నాడు. నాకు ఆ మంచు వాలు మీద గీరిన స్కీల చప్పుడు మళ్ళీ వినిపించింది.

అందుకే మా కుర్రవాళ్ళతో కలిసి వాళ్ళు చూసి వచ్చిన రెండు మిషన్ల దగ్గరికీ టేపు పట్టుకుని వెళ్ళాను. రెండూ సుమారు 3,200 కిలోల బరువువే, రెండింటి కత్తెరా రెండు మీటర్లే. మొదటిదాని చైన్ నేలను తాకే పొడవు 1.7 మీటర్లు, వెడల్పు 45 సెంటీమీటర్లు. రెండోదాని పొడవు 1.5 మీటర్లే గాని వెడల్పు 50 సెంటీమీటర్లు. గుణించి చూస్తే మొదటిదానికి రెండు చైన్లూ కలిపి 1.53 చదరపు మీటర్ల ఆనుడు, రెండోదానికి 1.5 చదరపు మీటర్లు. మట్టి మీద పడే ఒత్తిడి రెండింటిదీ చదరపు సెంటీమీటరుకు 0.21 కిలోలు. అరవై అయిదు కిలోల మనిషి రెండు కాళ్ళ మీద నిలబడితే పాదాల కింద పడే ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే, అంటే మనిషి నిలబడగలిగిన బురదలో రెండూ నిలబడతాయి. మునగడంలో తేడా లేదు. తిరగడంలో మాత్రం పొడవాటిదానికి నూటికి పదమూడు పాళ్ళు ఎక్కువ అడ్డు.

ఆ పదమూడు పాళ్ళ కోసం ఇంత రాద్ధాంతమా అని ఒక కుర్రవాడు అడిగాడు. వాడిని మలుపులు లెక్కపెట్టమన్నాను. ఎకరా అంతా చదరంగా ఒకే మడి అయితే పక్కకు అరవై నాలుగు మీటర్లు ఉంటుంది. రెండు మీటర్ల కత్తెరతో చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తే పదహారు చుట్లు, చుట్టుకు నాలుగు మూలల చొప్పున 64 మలుపులు. అదే ఎకరాను పాతిక సెంట్ల మడులు నాలుగుగా చేస్తే, ఒక్కొక్క మడికి ఎనిమిది చుట్లు, 32 మలుపులు, నాలుగింటికీ కలిపి 128. అన్నదమ్ములు పంచుకుని, పంచుకున్నదాన్ని మళ్ళీ పంచుకున్న మా పల్లంలో పాతిక సెంట్ల మడే పెద్ద మడి కింద లెక్క. రోజుకు ఐదెకరాలు కోస్తే ఆరువందల పైచిలుకు మలుపులు. ప్రతి మలుపులోనూ రోలర్లూ రబ్బరూ అరుగుతాయి, మూలమూలకూ నేల గుల్లబడి గుంత పడుతుంది, ఆ గుంతలు దాళ్వాకో అపరాలకో దున్నేవాడి నెత్తిన పడతాయి. పెద్ద పెద్ద మడులు ఉన్న చోట పొడవు చైన్ కొనేవాడిని నేను తప్పుపట్టను. మా మడులకు మాత్రం అది పనికిరాదు.

లెక్కలన్నీ కాగితం మీద కుదిరాయి గాని, అంతటితో బయానా ఇచ్చేయడం నాకు ఇష్టం లేదు. రెండో మిషన్ అమ్మేవాళ్ళను ఒక్కటే అడిగాం. ఎండిన ఖాళీ జాగాలో నడిపి చూపించడం మాకు అక్కర్లేదనీ, మా పల్లంలో ఇంకా నీరు తీయని ఒక మడిలో దింపి నాలుగు మూలలూ రెండేసి సార్లు తిప్పి చూపించమనీ చెప్పాం. లారీ మీద ఎక్కించి తేవడానికి కిరాయి మేమే పెట్టుకుంటామంటే ఒప్పుకున్నారు. ఆదివారం వస్తోంది.

మా మేనల్లుడికీ ఇదే రాశాను. దుకాణం ముందు చదును స్థలంలో కాకుండా, ఆదివారం సాయంత్రం గుంతలు పడ్డ దారి మీదికి తీసుకుపోయి, భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఎడమకు మూడు, కుడికి మూడు బిగువైన వంపులు తిప్పి చూడమన్నాను. ఎక్కేముందు వంగి స్కీల కింది కడ్డీలను వేలితో తడిమి చూడమని కూడా రాశాను. మొదటి మంచు కురవగానే వెళ్తానని జవాబిచ్చాడు.